సామాజిక కథాంశంతో వచ్చిన మలయాళ సినిమాకు రివ్యూ రాయడం ఎలా: చూసే ముందు నుంచి పోస్ట్ చేసేదాకా

"మలయాళ సినిమా చూశాను, బాగా నచ్చింది. రాయడానికి కూర్చుంటే మాత్రం 'చాలా సహజంగా ఉంది, అందరూ చూడాలి' అన్న దగ్గరే ఆగిపోతున్నాను. ఎలా రాయాలి?" ఈ ప్రశ్న పదే పదే వస్తోంది. కులం, కట్నం, వంటింటి చాకిరీ, లైంగిక దాడి, స్వలింగ ప్రేమ లాంటి విషయాల మీద తీసిన సినిమాల దగ్గర ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. విషయం అంత పెద్దది కాబట్టి దాన్ని మెచ్చుకుంటే పని అయిపోయిందనిపిస్తుంది.

అవదు. మంచి విషయం ఎంచుకున్నందుకు మార్కులు వేయడం రివ్యూ కాదు. ఆ విషయాన్ని ఎవరి వైపు నిలబడి, ఏ సన్నివేశాలతో, ఎంత నిజాయితీగా చెప్పారో తేల్చడమే రివ్యూ. కింద చెప్పిన వరుస అంతా ఆ ఒక్క పని కోసమే.

1. ఏ వెర్షన్ చూస్తున్నారో ముందు తేల్చుకోండి

వీలైతే మలయాళం ఆడియో, సబ్‌టైటిల్స్‌తో చూడండి. తెలుగు డబ్బింగ్ బాగున్నా సరే, రివ్యూ రాయడానికి అది ఒక్కటే సరిపోదు.

కారణం చాలా చిన్నదిగా కనిపిస్తుంది, కానీ చాలా పెద్దది. కేరళలో పిలుపును బట్టే ఆ ఇల్లు ఏ మతానిదో, ఏ ప్రాంతానిదో చాలావరకు తెలిసిపోతుంది. పెద్దవాణ్ని ముస్లిం ఇళ్లలో 'ఇక్క' అంటారు. ఉత్తర కేరళ హిందూ ఇళ్లలో 'ఏట్టన్' వినిపిస్తుంది. కొట్టాయం వైపు సిరియన్ క్రైస్తవ కుటుంబాల్లో 'అచ్చాయన్' అంటారు. డబ్బింగ్‌లో ఇవన్నీ 'అన్నయ్య' అయిపోతాయి. పాత్రలు నోరు తెరవగానే మలయాళ ప్రేక్షకుడికి తెలిసిపోయే సంగతి మనకు సినిమా అయిపోయాక కూడా తెలియదు. కులం, మతం కథలో భాగమైన సినిమాకు ఈ లోటుతో రివ్యూ రాస్తే సగం సినిమాకే రాసినట్టు.

కట్‌ల సంగతీ చూసుకోండి. 2025 మార్చిలో విడుదలైన 'ఎంపురాన్'ను వివాదం తర్వాత నిర్మాతలే రెండు నిమిషాలకు పైగా కత్తిరించి మళ్లీ వదిలారు. మొదటి రోజు చూసినవాళ్లు, రెండో వారం చూసినవాళ్లు మాట్లాడేది ఒకే సినిమా గురించి కాదు.

రివ్యూ మొదట్లోనో చివర్లోనో ఒక్క లైనులో ఇవి చెప్పండి:

- థియేటర్లో చూశారా, ఓటీటీలోనా
- మలయాళంలో చూశారా, తెలుగు డబ్బింగ్‌లోనా
- విడుదలయ్యాక కట్‌లు పడి ఉంటే, మీరు చూసింది ముందుదా తర్వాతదా

2. కథ జరిగే ఊరి గురించి ఒక గంట చదవండి

'కేరళలో' అని రాసి వదిలేస్తే లాభం లేదు. ఆదివాసీలుండే అట్టప్పాడి వేరు, పల్లపు పొలాల కుట్టనాడ్ వేరు, కొల్లం తీరం వేరు. మన దగ్గర ఆదిలాబాద్ కథను, కోనసీమ కథను 'తెలుగు ఊరి కథ' అని కలిపేస్తే ఎలా ఉంటుందో అక్కడా అంతే.

'ఉళ్లొళుక్కు' (2024) తీసుకోండి. క్రిస్టో టామీ దర్శకుడు, ఊర్వశి, పార్వతి తిరువోత్తు అత్తాకోడళ్లు. కొడుకు చనిపోతాడు, వరద వల్ల ఖననం వాయిదా పడుతూ ఉంటుంది. కుట్టనాడ్ గురించి తెలియనివాళ్లకు ఇది కథ కోసం పెట్టిన అడ్డంకిలా అనిపించవచ్చు. కుట్టనాడ్‌లో చాలా పొలాలు సముద్ర మట్టం కంటే కింద ఉంటాయి, వరదొస్తే నీళ్లు రోజుల తరబడి ఇళ్లలోనే నిలుస్తాయి. అక్కడి క్రైస్తవ కుటుంబాలకు చర్చి దగ్గరి కుటుంబ సమాధి ఎంత ముఖ్యమో తెలిస్తే, "నీళ్లు తగ్గేదాకా ఆగుదాం" అన్న మాట బరువు అర్థమవుతుంది. ఆ నిరీక్షణలోనే ఇంట్లో దాచిన నిజాలన్నీ ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. నీళ్లు అక్కడ సీనరీ కాదు, కథను నడిపేవే అవి.

'పొన్‌మ్యాన్' (2025) లాంటి సినిమాకు వేరే రకం తయారీ కావాలి. పెళ్లికి బంగారం సర్ది, చదివింపుల డబ్బుతో దాన్ని తిరిగి రాబట్టుకునే మనిషి కథ అది. అక్కడ లెక్కంతా 'పవన్'లలో నడుస్తుంది. పవన్ అంటే ఎనిమిది గ్రాములు, మన కోస్తా లెక్కలో కాసు. తులాల్లో లెక్కపెట్టే తెలంగాణ పాఠకుడికి ఆ ఒక్క ముక్క చెబితే పెళ్లింటి మీద పడిన భారం ఎంతో వెంటనే అంచనాకు వస్తుంది.

ఈ గంటలో ఇతరుల రివ్యూలు మాత్రం చదవొద్దు. వాళ్ల మాటలే మీ చేతిలోంచి బయటికొస్తాయి.

చూసే ముందు రాసి పెట్టుకోవాల్సినవి:

- ఊరు, జిల్లా. కొండా, తీరమా, పట్నమా
- ప్రధాన కుటుంబం ఏ సామాజిక వర్గం; పాత్రల పేర్లలో అది కనిపిస్తోందా
- కథకు సంబంధించిన చట్టం, కోర్టు తీర్పు ఏదైనా ఉందా
- కథ ఏ సంవత్సరంలో జరుగుతోంది. సినిమా ఏ సంవత్సరంలో వచ్చింది

నాలుగోది చాలామంది వదిలేస్తారు. 'ఆట్టం' సంగతే చూడండి. నాటక బృందంలోని ఒకే ఒక్క నటిపై జరిగిన లైంగిక దాడి గురించి పన్నెండు మంది మగవాళ్లు కూర్చుని తర్జనభర్జన పడే కథ. మలయాళ చిత్ర పరిశ్రమలో మహిళల పరిస్థితి మీద హేమ కమిటీ నివేదిక ప్రజల ముందుకు వచ్చింది 2024 ఆగస్టు 19న. దానికి మూడు రోజుల ముందే 'ఆట్టం'కు ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు ప్రకటించారు. రెండూ ఒకే వారంలో వార్తలయ్యేసరికి 'హేమ నివేదిక స్ఫూర్తితో తీసిన సినిమా' అని రాసే ప్రమాదం ఉంది. సినిమా థియేటర్లకు వచ్చింది అదే ఏడాది జనవరిలో, అవార్డు ఇచ్చింది 2022 చిత్రాల కోటాలో. తేదీలు వరుసగా రాసుకుంటే ఈ తప్పు జరగదు. నివేదికను ప్రస్తావించండి, కానీ కారణంగా కాదు, ఆ కథ ఎందుకు అంత నిజమనిపించిందో చెప్పడానికి.

3. మొదటిసారి మామూలు ప్రేక్షకుడిలా చూడండి

పెన్ను పక్కన పెట్టండి. ఎక్కడ ఒళ్లు బిగుసుకుంది, ఎక్కడ బోర్ కొట్టింది, ఎక్కడ ఫోన్ మీదికి చెయ్యి పోయింది, ఇవి గుర్తుంటే చాలు. సినిమా అవగానే పది నిమిషాలు కూర్చుని ఆ మూడింటినీ రాసేయండి. మర్నాటికి ఆగితే జ్ఞాపకం మెరుగులు దిద్దుకుంటుంది.

థియేటర్లో తెరను ఫోన్లో తీయొద్దు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం జైలు శిక్ష పడే నేరం అది. డైలాగ్ గుర్తుపెట్టుకోవాలంటే ఇంటర్వెల్‌లో రాసుకోండి.

4. రెండోసారి నాలుగు ప్రశ్నలతో చూడండి

అసలు పని ఇక్కడే ఉంది. టైమ్ తక్కువ ఉంటే మిగతా మెట్లు కుదించుకోండి, దీన్ని మాత్రం కుదించొద్దు. ఓటీటీలో ఉంటే మొత్తం చూడక్కర్లేదు, ముఖ్యమైన అయిదారు సన్నివేశాలు చాలు.

*మొదటి ప్రశ్న: కెమెరా ఎవరి దగ్గర ఉంది?*

'ద గ్రేట్ ఇండియన్ కిచెన్' (2021) లో దర్శకుడు జియో బేబీ కెమెరాను వంటింట్లోనే ఉంచాడు. మగవాళ్లు తినేసి లేచిపోయాక కూడా కెమెరా ఆ బల్ల దగ్గరే ఆగుతుంది. నమిలి పడేసిన ములక్కాడ పిప్పి, మెతుకులు అక్కడే ఉంటాయి. ఆ బల్ల దగ్గరే ఆడవాళ్లు కూర్చుని తినాలి. నేపథ్య సంగీతం దాదాపు లేదు. తాలింపు చిటపట, గిన్నెల చప్పుడు, చీపురు శబ్దం, ఇవే వినిపిస్తాయి. ఒకసారి విన్నప్పుడు ఇంటి సందడిలా ఉన్న ఆ శబ్దం పదోసారికి ఊపిరాడనివ్వదు. దర్శకుడు ఒకే పనిని మళ్లీ మళ్లీ చూపించింది అందుకే. 'స్లోగా ఉంది' అని రాసే ముందు ఆ నెమ్మది ఎవరి రోజుదో ఆలోచించాలి.

*రెండో ప్రశ్న: మాట్లాడే అవకాశం ఎవరికి దక్కింది?*

స్టాప్‌వాచ్ అక్కర్లేదు. సమస్య ఎవరిదో వాళ్లకు ఎన్ని సన్నివేశాల్లో మాట ఉంది, వాళ్ల గురించి ఇతరులు ఎన్ని సన్నివేశాల్లో మాట్లాడుకున్నారు అని రెండు గీతలు గీసుకోండి.

'ఆట్టం'లో చాలాసేపు మగవాళ్లే మాట్లాడుతూ ఉంటారు, ఆ నటి అంజలి లేని గదిలో అంజలి గురించి. పైపైన చూస్తే లోపమనిపిస్తుంది. కానీ దర్శకుడు ఆనంద్ ఏకర్షి చూపించదలచుకున్నదే అది. 'కాదల్ ది కోర్' (2023) లో పరిస్థితి వేరు. భర్తది స్వలింగ ప్రేమ అని విడాకులు కోరిన ఓమనకు, ఆ భర్త మాథ్యూకు నిలకడైన సన్నివేశాలున్నాయి. మాథ్యూకు దగ్గరైన తంకన్ మాత్రం దాదాపు మౌనంగానే మిగిలిపోతాడు. ఆ మౌనం ఊరి భయాన్ని చూపిస్తోందా, లేక సినిమాయే అతని దగ్గరికి వెళ్లడానికి జంకిందా? నా మటుకు రెండూ కొంత కొంత ఉన్నాయనిపిస్తుంది. మీకు మరోలా అనిపించవచ్చు. ఏదైనా సరే, ఒక సన్నివేశం చూపించి చెప్పాలి.

*మూడో ప్రశ్న: చెడు ఎక్కడుంది, మనిషిలోనా, ఏర్పాటులోనా?*

ఒక్క దుర్మార్గుడి మీద అంతా తోసేస్తే ప్రేక్షకుడికి హాయిగా ఉంటుంది, వాడు నేను కాదు కదా అని. అందరిలో పంచితే ఇబ్బందిగా ఉంటుంది. సినిమా ఏ దారి పట్టిందో గమనించండి. 'కిచెన్'లో మామగారు గొంతు పెంచడు. అన్నం కుక్కర్లో కాకుండా కట్టెల పొయ్యి మీద వండితే బాగుంటుందని నెమ్మదిగా అంటాడు. ఆ నెమ్మదితనమే భయపెడుతుంది.

*నాలుగో ప్రశ్న: ఈ కథలో నష్టపోయింది ఎవరు, సినిమా బయట ఎవరు?*

'నాయట్టు' (2021) కు ఈ ప్రశ్న తప్పనిసరి. ఎన్నికల వేళ రాజకీయ ఒత్తిడికి ముగ్గురు కింది స్థాయి పోలీసులు ఎలా వేట జంతువులయ్యారో చెప్పే సినిమా అది. షాహి కబీర్ రాత, మార్టిన్ ప్రక్కాట్ దర్శకత్వం చాలా పట్టుగా ఉంటాయి. అయితే దళిత సంఘాన్ని ఓటు బలంతో బెదిరించే గుంపుగా చూపారన్న గట్టి అభ్యంతరం అప్పుడే వచ్చింది. వేటకు గురైనవాళ్లలోనూ దళితులున్నారు కదా అన్న సమాధానమూ వచ్చింది. థ్రిల్లర్‌గా బాగుందని రాసి ఈ చర్చ మాట ఎత్తకపోతే, సామాజిక సినిమాకు రాసిన రివ్యూ అనలేం. అలాగని చర్చే రాసి సినిమా పట్టును వదిలేయడమూ న్యాయం కాదు.

5. నిజ ఘటనల నీడ ఉంటే జాగ్రత్తగా సరిచూడండి

చాలా మలయాళ సినిమాలు 'ఏ వ్యక్తినీ ఉద్దేశించినది కాదు' అని వేసుకుంటూనే వార్తల్లోంచి కథ తీసుకుంటాయి. మీరు రాసేటప్పుడు 'ఆధారంగా తీసింది', 'గుర్తుకు తెస్తుంది' అన్న రెండింటి మధ్య తేడా పాటించండి. తీసినవాళ్లు స్వయంగా చెప్పి ఉంటేనే మొదటిది. 1996లో పాలక్కాడ్ కలెక్టర్‌ను బందీగా పట్టుకున్న ఘటన మీద తీసిన 'పడ' (2022) కు ఆ మాట వాడొచ్చు.

'జన గణ మన' (2022) తెలుగువాళ్లు ప్రత్యేకంగా చదువుకుని రాయాల్సిన సినిమా. కథ కర్ణాటకలో జరుగుతుంది. కానీ నలుగురు నిందితులను ఎన్‌కౌంటర్ చేసే ఘట్టం 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో జరిగిందాన్ని గుర్తుకు తెస్తుంది. క్యాంపస్‌లో దళిత పరిశోధక విద్యార్థిని కథ 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల మరణాన్ని తలపిస్తుంది. రెండూ మన గడ్డ మీద జరిగినవే. ఎన్‌కౌంటర్ జరిగిన రోజు పోలీసుల మీద పూలు చల్లినవాళ్లం కూడా మనమే.

సినిమా విడుదలైంది ఏప్రిల్ చివర్లో. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక ప్రజల చేతికొచ్చింది అదే ఏడాది మేలో. నిందితులను చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని కమిషన్ తేల్చింది. అంటే విడుదల రోజు రాసిన రివ్యూకు లేని సమాచారం ఇవాళ మీ దగ్గరుంది. దాన్ని వాడుకోండి. సినిమా కోర్టు సీన్లలో చెప్పిన వాదన ఎంత గట్టిదో, ఎక్కడ ఉపన్యాసమైపోయిందో అప్పుడు విడదీసి చెప్పగలుగుతారు.

'ఆడుజీవితం' (2024) కూడా అలాంటిదే. గల్ఫ్ ఎడారిలో చిక్కుకున్న నజీబ్ కథను జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ, కడప పాఠకుడు కేరళ కథగా చదవడు. మీ ఊళ్లో గల్ఫ్ వెళ్లి వచ్చినవాళ్లుంటే వాళ్లతో అరగంట మాట్లాడండి. వీసా, ఏజెంటు, పాస్‌పోర్టు లాక్కోవడం గురించి సినిమా ఎంత చెప్పిందో, ఎంత వదిలేసి ఒక్క మనిషి సహనం మీదే నిలబడిందో మీకే తడుతుంది. పేర్లు మాత్రం రాయొద్దు.

- తేదీ, ఊరు, తీర్పు: ఒక్కోదానికి కనీసం రెండు నమ్మకమైన చోట్ల సరిచూడండి
- లైంగిక దాడి బాధితురాలి అసలు పేరు, గుర్తింపు రాయడం నేరం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 చూడండి
- ఆత్మహత్య సన్నివేశం ఉంటే పద్ధతి వర్ణించొద్దు

6. తెలుగు రీమేక్ ఉంటే పోలిక ఇలా చేయండి

'ఒరిజినలే బాగుంది' అని తేల్చేయడం పోలిక కాదు. కథలోని సామాజిక బరువు ఎటు జరిగిందో చూడాలి.

'అయ్యప్పనుమ్ కోషియుమ్' (2020) పేరులోనే ఇద్దరూ సమానం. అట్టప్పాడి మద్యం నిషేధించిన ఆదివాసీ ప్రాంతం. డబ్బు, పలుకుబడి ఉన్న కోషి అక్కడ మద్యం సీసాలతో పట్టుబడతాడు. అతన్ని పట్టుకున్న ఎస్సై అయ్యప్పన్ నాయర్ భార్య కన్నమ్మ ఆదివాసీ ఉద్యమకారిణి. గొడవ ఇద్దరు మొండివాళ్ల మధ్యే అయినా, అడుగున కులం, వర్గం నడుస్తూ ఉంటాయి. ఇరుళ సమాజానికి చెందిన నంజియమ్మ పాటకు జాతీయ అవార్డు కూడా వచ్చింది.

తెలుగులో అది 'భీమ్లా నాయక్' (2022) అయింది. రెండో పేరు టైటిల్‌లోంచి పోయింది. పేరుతో పాటు కథలోని తూకమూ హీరో వైపు జరిగింది. ఆ మార్పును కన్నమ్మ పాత్ర దగ్గర పట్టుకుని చూపించండి: అక్కడ ఆమెకున్న రాజకీయం ఇక్కడ ఎంత మిగిలింది? అలా ఒక్క పాత్రను పట్టుకుని రాస్తే రెండు పేరాల్లో పనైపోతుంది.

'నాయట్టు' మన దగ్గర 'కోటబొమ్మాళి పీఎస్' (2023) గా వచ్చింది. కథను ఉత్తరాంధ్రకు తెచ్చారు. కాబట్టి అక్కడి కులం, ఎన్నికల లెక్క ఇక్కడి నేలకు నప్పిందా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

రీమేక్ లేకపోతే తెలుగు సినిమాను లాక్కొచ్చి తిట్టొద్దు. పాఠకుడు వచ్చింది ఈ సినిమా గురించి చదవడానికి.

7. రాసే వరుస

అందరూ కథతో మొదలుపెడతారు. నా సలహా: సన్నివేశంతో మొదలుపెట్టండి. ఒక్క సన్నివేశం, నాలుగైదు వాక్యాలు. అందులోనే మీ అభిప్రాయం దాగి ఉండాలి.

ఇలాంటి మొదటి పేరా చాలాచోట్ల కనిపిస్తుంది:

"పితృస్వామ్యానికి చెంపపెట్టు లాంటి సినిమా ఇది. స్త్రీల కష్టాలను దర్శకుడు హృద్యంగా ఆవిష్కరించారు. నటీనటులు పాత్రల్లో జీవించారు."

ఇందులో సినిమా పేరు మార్చి ఇంకో పది సినిమాలకు వాడుకోవచ్చు. అదే దీని జబ్బు. ఇప్పుడు 'ద గ్రేట్ ఇండియన్ కిచెన్' మీద రాసిన ఇది చూడండి:

"సింక్ కింద పైపు కారుతూ ఉంటుంది. ప్లంబర్‌ను పిలవమని ఆమె భర్తకు చెబుతుంది. అతను మర్చిపోతాడు. మళ్లీ చెబుతుంది, మళ్లీ మర్చిపోతాడు. స్కూల్లో పిల్లలకు కుటుంబ వ్యవస్థ గురించి పాఠం చెప్పే మనిషి అతను. ఆ మురికి నీళ్లు ఎత్తిపోసేది అతను కాదు కాబట్టి అతనికి గుర్తుండదు."

రెండోదాంట్లో పితృస్వామ్యం అన్న మాట లేదు. అవసరం పడలేదు.

ఆ తర్వాత వరుస ఇలా పెట్టుకోండి:

1. సన్నివేశం
2. కథ పరిచయం, ఆరేడు వాక్యాల్లో, మొదటి అరగంట దాటకుండా
3. ఊరు, సామాజిక నేపథ్యం: పాఠకుడికి తప్పక తెలియాల్సినంతే
4. నాలుగు ప్రశ్నల్లో మీకు దొరికిన బలమైన రెండు జవాబులు, ఒక్కోదానికి సాక్ష్యంగా ఒక సన్నివేశం
5. నటన, సౌండ్, ఎడిటింగ్: విడివిడిగా సర్టిఫికెట్లు ఇవ్వకుండా, కథకు ఏం చేశాయో
6. సినిమా తప్పించుకున్నది, తడబడినది
7. ఎవరు చూడాలి, ఏ సన్నివేశాలు కొందరికి ఇబ్బంది కావచ్చు

అయిదో దాని గురించి ఒక్క మాట. 'ఊర్వశి అద్భుతం' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. 'ఉళ్లొళుక్కు'లో కోడలి రహస్యం తెలిశాక ఆమె కోపం, జాలి, స్వార్థం ఒకే ముఖంలో ఎలా తారుమారవుతాయో ఒక్క షాట్ పట్టుకుని రాయండి. పెద్ద తార నటించడం కూడా అర్థంలో భాగమే. 'కాదల్'లో మమ్ముట్టి మాథ్యూ పాత్ర వేయడమే కాదు, ఆయన సంస్థే దాన్ని నిర్మించింది. అది ఒక పేరాకు సరిపోయే విషయం, మొత్తం రివ్యూకు కాదు.

స్పాయిలర్ భయం ఉంటే ముగింపు గురించి చివర్లో విడిగా, ముందే హెచ్చరించి రాయండి. సామాజిక సినిమాకు ముగింపు మాట్లాడకుండా రివ్యూ పూర్తి కాదు. సమస్య నుంచి బయటపడే దారి ఎవరు చూపించారు, ఆమెకు ఆమేనా, ఎవరో వచ్చి కాపాడారా అన్నది అక్కడే తెలుస్తుంది.

8. మాటల దగ్గర జాగ్రత్త

'మానభంగం' వద్దు, 'లైంగిక దాడి', 'అత్యాచారం' రాయండి. మొదటి మాట పోయిందంతా ఆమె పరువే అన్నట్టు చెబుతుంది. స్వలింగ ప్రేమను 'అలవాటు', 'లోపం', 'బలహీనత' అనొద్దు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు నేరం కాదని చెప్పిన విషయాన్ని పట్టుకుని ఇంకా 'అసహజం' అని రాస్తే చదివే ఒక కుర్రాడో అమ్మాయో ఎక్కడో నలిగిపోతారు. 'తక్కువ కులం' అనొద్దు. దళిత, ఆదివాసీ అని నేరుగా రాయండి.

'గుండెల్ని పిండేస్తుంది', 'కళ్లు చెమర్చుతాయి', 'మలయాళం వాళ్లకే సాధ్యం' లాంటివి ముసాయిదాలో ఎక్కడున్నా గుర్తు పెట్టుకోండి. అలాంటి ప్రతి చోటా మీరు చూసినదేదో చెప్పకుండా దాటేశారని అర్థం. ఆ చోట ఒక దృశ్యం పెట్టండి.

9. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే దారి

విషయం మంచిది కాబట్టి లోపాలు రాయకపోవడం. దీనివల్ల ఆ విషయానికే నష్టం. బలహీనమైన సినిమాను నెత్తిన పెట్టుకుంటే, నమ్మి చూసిన పాఠకుడు ఇంకోసారి ఆ విషయం మీద వచ్చిన మంచి సినిమా దగ్గరికీ రాడు. లోపాన్ని సన్నివేశంతో సహా చెప్పండి.

కేరళ మొత్తం అభ్యుదయం అనుకోవడం. అక్షరాస్యత ఎక్కువ, సినిమాలు బాగుంటాయి, కాబట్టి సమాజమూ అలాగే ఉంటుందని రాస్తారు. అలా ఉంటే ఈ సినిమాలు తీయాల్సిన అవసరమే రాదు. వాళ్లు తమ ఇంటి గురించి కోపంగా తీసినదాన్ని మనం వాళ్ల ఇంటికి ప్రశంసాపత్రంగా మార్చకూడదు.

దర్శకుడి ఇంటర్వ్యూను సినిమాగా భ్రమపడటం. ఆయన చెప్పిన ఉద్దేశం తెరమీద కనిపించిందా అన్నదే మీ పని. రివ్యూ ముసాయిదా పూర్తయ్యాకే ఇంటర్వ్యూలు చూడండి.

పేర్లు తప్పుగా రాయడం. ఇంగ్లిష్ అక్షరాలు చూసి తెలుగులోకి తెస్తే సగం పేర్లు చెడతాయి. ఇంగ్లిష్‌లో 'జెడ్ హెచ్' అని రాసే శబ్దం, 'ళ' శబ్దం, ఒత్తులు ట్రైలర్‌లోనో ఇంటర్వ్యూలోనో విని రాయండి. మలయాళంలో 'త' పలికేచోట ఇంగ్లిష్‌లో 'టి హెచ్' ఉంటుంది. అది చూసి 'థ' పెట్టేయడం అన్నిటికంటే ఎక్కువగా జరుగుతుంది.

అందరూ పొగుడుతున్నారని, లేదా తిడుతున్నారని అటే కొట్టుకుపోవడం. మొదటిసారి చూసి రాసుకున్న పది నిమిషాల నోట్సు తీయండి. అక్కడ బోర్ కొట్టిందని ఉంటే, ఎందుకు కొట్టిందో తేల్చకుండా కొట్టేయొద్దు.

10. పోస్ట్ చేసే ముందు

ఒక రాత్రి ఆగండి. మర్నాడు పైకి చదవండి. నోరు తడబడిన వాక్యం పాఠకుడికీ తడబడుతుంది.

- సినిమా పేరు తీసేసి చదివినా ఇది ఏ సినిమానో తెలుస్తోందా
- ప్రతి పొగడ్తకు, ప్రతి ఫిర్యాదుకు ఒక సన్నివేశం ఉందా
- సమస్య ఎవరిదో వాళ్లలో ఒకరు ఇది చదివితే తమ గురించి తప్పుగా రాశారని అనుకుంటారా. తెలిసినవాళ్లుంటే ముందే చూపించి అడిగారా
- సంవత్సరం, పేర్లు, ఊళ్లు, అవార్డు ఏ ఏడాదికి ఇచ్చిందీ సరిచూశారా
- రేటింగ్ ఇస్తే అది సినిమాకు ఇచ్చిందేనా, విషయానికి ఇచ్చిందా

పోస్ట్ చేశాక మలయాళీ పాఠకులు వచ్చి ఏదైనా సరిదిద్దితే దాన్ని గొడవగా తీసుకోవద్దు. వాళ్లు చెప్పింది నిజమైతే రివ్యూలో మార్చి, ఏ తేదీన ఏది మార్చారో కింద ఒక లైను రాయండి. అభిప్రాయ భేదమైతే వాళ్ల మాట వాళ్లదిగా ఉంచి, మీ సన్నివేశం మీరు మళ్లీ ఒకసారి చూసి రండి.